ఎవరి మీదా అధికారం లేని గాలి ఆఫీసుకు పెద్దగా రమ్మంటున్నారు, వెళ్లమంటారా?

సూళ్లూరుపేట ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మాది సూళ్లూరుపేట. పెళ్లయిన దగ్గర్నుంచీ, అంటే పదిహేడేళ్లుగా, చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. నేను ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్ని. ఇన్నాళ్లూ ఒక కన్సల్టెన్సీలో చేశాను. ఫ్యాక్టరీ చిమ్నీ ఎక్కి ప్రోబ్ పెట్టి పొగ కొలవడం, దిగి రిపోర్టు రాయడం, దాన్ని ఎవరూ చదవకపోవడం, ఇదే ఉద్యోగం.

ఇప్పుడు కొత్త కబురు వచ్చింది. ఉత్తర చెన్నై, దాన్ని ఆనుకుని ఉన్న మునిసిపాలిటీలు, మీంజూరు వైపు కొన్ని పంచాయతీలు కలిపి గాలి నాణ్యత కోసం ఒక చిన్న ప్రాంతీయ విభాగం పెడుతున్నారు. తొమ్మిది మంది స్టాఫ్, నాలుగు ఆటోమేటిక్ స్టేషన్లు, రెండేళ్లకు సరిపడా డబ్బు. దానికి అధిపతిగా రమ్మన్నారు.

అయితే నోటీసు ఇచ్చే అధికారం మాకు ఉండదు, అది కాలుష్య నియంత్రణ మండలిది. బస్సులు రవాణా వాళ్లవి, చెత్త కార్పొరేషన్‌ది, బొగ్గు కరెంటు వాళ్లది, కంటైనర్ లారీలు పోర్టు కోసం వచ్చేవి. మరి నాదేంటి అని అడిగితే 'సమన్వయం' అన్నారు. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, "సమన్వయం అంటే టీ, బిస్కెట్లు, మినిట్స్" అన్నారు.

వద్దనుకోవడానికి ఇన్ని కారణాలున్నా మనసు అటే లాగుతోంది. మా పెద్దమ్మ ఎన్నూరులో ఉంటుంది. డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టడం మానేసి చాలా ఏళ్లయింది. సాయంత్రం తీసేసరికి వాటి మీద బూడిద చారలు ఉంటాయిట. ఇప్పుడు నెల్లూరు నుంచి మా అమ్మ పంపిస్తోంది.

ఇలాంటి కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. చేతిలో కర్ర లేకుండా ఈ పని చెయ్యగలమా? జీతం కూడా ఇప్పటికంటే తక్కువే, అది వేరే సంగతి.

తండయార్‌పేట లారీ ఆఫీసు:

మేడమ్, నేను రెండు ట్రైలర్లు నడుపుతాను. గాలి గురించి ఏ ఆఫీసు పెట్టినా ముందు మా సైలెన్సర్ దగ్గరికే వస్తారు. పొగ సర్టిఫికెట్ ఉంటుంది, చూపిస్తాం, అయినా పక్కకి తియ్యమంటారు. పోర్టు గేటు దాకా ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డులో క్యూ కట్టి గంటల తరబడి నిలబడితే ఇంజిన్ ఆపలేం. ముందు బండి నాలుగు గజాలు కదిలితే మనమూ కదలాలి, లేకపోతే మధ్యలో ఇంకొకడు దూరతాడు. ఆ క్యూ ఎందుకు కట్టిందో ఒక్కడూ అడగడు. మీరు ఆ కుర్చీలో కూర్చుంటే ఒక్కసారి రాత్రి వచ్చి మా డ్రైవరు పక్కన కూర్చోండి. అంతే నేను చెప్పేది.

పెరంబూరు పాతకాపు:

అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్లు గాలి కొలిచే పనిలోనే ఉన్నాను. చివరి ఆరేళ్లు ఒక లాబొరేటరీకీ, దాని కింద స్టేషన్లకూ పెద్దని. ఏ ఆఫీసో చెప్పను, రిటైరయ్యాక కొత్త పేచీ ఎందుకు.

మీవారు చెప్పిన టీ, బిస్కెట్ల మాట నిజమే. కర్ర లేదని దిగులు మాత్రం పడకండి. 1981 నాటి గాలి చట్టంలో 31ఎ అని ఒక సెక్షన్ ఉంది, 1987లో చేర్చారు. దాని కింద మండలి ఫ్యాక్టరీని మూయమనొచ్చు, కరెంటు, నీళ్లు ఆపించొచ్చు. అంత పెద్ద కర్ర ఉన్నవాళ్లు కూడా దాన్ని మూల నుంచి ఎప్పుడోగాని తియ్యరు. తీసినా, సోమవారం మూసిన గేటు పక్షం తిరక్కుండా తెరుచుకోవడం నేను కళ్లారా చూశాను. మీ చేతిలో ఉండేది అంకె. దాన్ని జనం నమ్మితే ఫోన్లు వాళ్లే చేస్తారు. నమ్మకపోతే మీరు నిజంగానే బిస్కెట్లు పంచాల్సి వస్తుంది.

అంకె ఎక్కడ చెడుతుందో చెప్తాను. మా రోజుల్లో అన్నీ చేత్తోనే. రెస్పిరబుల్ డస్ట్ శాంప్లర్ అని చిన్న బీరువా అంత డబ్బా, నెత్తిన వాలు కప్పు. కప్పు కింద ఎనిమిదంగుళాలకు పదంగుళాల తెల్లటి గ్లాస్ ఫైబర్ కాగితం. నిమిషానికి సుమారు 1.1 ఘనపు మీటర్ల గాలిని దాని గుండా లాగుతుంది. ఎనిమిది గంటలకొక కాగితం, రోజుకు మూడు. వారానికి రెండు రోజుల లెక్కన ఏడాదికి 104 రోజులు. కాగితాన్ని ముందు ఒక రోజు డెసికేటర్‌లో, అంటే తేమ లాగేసే పెట్టెలో, ఆరబెట్టి తూచాలి, ధూళి పట్టాక మళ్లీ ఆరబెట్టి తూచాలి. మన మద్రాసు ఉక్కలో ఆ ఒక్క రోజు ఎగ్గొడితే, పెరిగిన బరువులో ధూళి ఎంతో తేమ ఎంతో దేవుడికే తెలియాలి. లోపల నీలం రంగు సిలికా జెల్ గింజలు గులాబీ రంగుకు తిరిగితే వేడి చేసి మళ్లీ నీలానికి తేవాలి. ఈ పని చేసేది అటెండరు. నేను పెద్దనయ్యాక కూడా పొద్దున ఆఫీసుకు రాగానే ముందు ఆ గింజల రంగు చూసి తరవాతే నా గదిలోకి వెళ్లేవాణ్ణి.

ఒక నవంబరులో ఒక స్టేషన్ రిజిస్టరు తిరగేస్తున్నాను. మూడు షిఫ్టుల్లో మొదలైనప్పుడూ, ముగిసినప్పుడూ ఫ్లో, అంటే నిమిషానికి లాగే గాలి, 1.12 అనే రాసి ఉంది. తరవాత కొలిచిన రోజూ అదే, అదే పెన్ను. కాగితానికి ధూళి పట్టేకొద్దీ లాగే గాలి తగ్గుతుంది. పెట్టినప్పుడు 1.2 ఉన్నది తీసేటప్పటికి ఎంతో కొంత దిగి తీరాలి. దిగలేదంటే యంత్రం దగ్గర మనిషి లేడన్నమాట. డబ్బాలో గంటల మీటరు ఉంటుంది, వెళ్లి చూశాను. రిజిస్టరులో ఎనిమిది గంటలు రాసిన షిఫ్టుకు మీటరు తిరిగింది అయిదుంపావు. మధ్యలో కరెంటు పోయింది. అయిదుంపావు గంటల్లో పట్టిన ధూళిని ఎనిమిది గంటల గాలితో భాగించారు. దాంతో ఆ వీధి గాలి కాగితం మీద శుభ్రమైపోయింది.

కుర్రాణ్ణి పిలిపించాను. కాంట్రాక్టు మనిషి, మూడు నెలలుగా జీతం లేదు. రాత్రి పదింటికి కాగితం మార్చాలి, మార్చేసరికి వాడి ఊరికి ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. అందుకని తొమ్మిదింటికే మార్చేసి, పది అని రాసి వెళ్లిపోతున్నాడు. "నంబరు బాగానే వస్తోంది కదా సార్" అన్నాడు. మోసం చేస్తున్నానన్న ఆలోచనే వాడి మొహంలో లేదు.

అనుమానం ఉన్న రోజులన్నీ ఎర్ర ఇంకుతో కొట్టేశాను. 104కు 83 మిగిలాయి. కుర్రాణ్ణి తియ్యలేదు, మా జీపు డ్రైవరుతో రాత్రి ట్రిప్పు వేయించాను. రివ్యూ మీటింగ్‌లో నన్ను నిలబెట్టి అడిగారు, అందరూ 104 చూపిస్తుంటే నీకే ఎందుకు 83 అని. "మిగతావాళ్ల గంటల మీటర్లు నేను చూడలేదు సార్" అన్నాను. ఆ తరవాత రెండేళ్లు నన్ను ఏ కమిటీలోనూ వెయ్యలేదు. ఒకందుకు మంచిదే అయింది, మోకాలి ఆపరేషన్ చేయించుకున్నాను.

మీవి ఆటోమేటిక్ స్టేషన్లు కాబట్టి ఇవన్నీ ఉండవనుకోకండి. ఒకచోట కాపలాదారు పొద్దున్నే స్టేషన్ చుట్టూ కళ్లాపి చల్లినట్టు నీళ్లు చల్లేవాడు. ఎవరూ చెప్పలేదు. "సార్లు వచ్చే చోటు కదా, దుమ్ము లేకుండా ఉంచుతున్నా" అన్నాడు. దణ్ణం పెట్టి మానిపించాను.

ఇక భోగి సంగతి. మీకు అసలు పరీక్ష సంతకం పెట్టే రోజు కాదు, భోగి తెల్లవారుజాము. మన ఇళ్లల్లో పిల్లల చేత పిడకల దండ వేయిస్తాం, అది వేరు. ఇక్కడ వీధుల్లో టైర్లు, ప్లాస్టిక్ చాపలు కూడా పడతాయి. జనవరి చలికి పొగ పైకి లేవదు. 2018 భోగి నాడు పొగ, మంచు కలిసి విమానాలు దిగలేక ఆలస్యమయ్యాయి, గుర్తుందా? మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది, అంతా ఊడ్చుకుపోతుంది. కేంద్ర మండలి బులెటిన్ సాయంత్రం నాలుగింటికి, అంతకుముందు ఇరవై నాలుగు గంటల సగటుతో వస్తుంది. లెక్క వేసి చూడండి. పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్ల లోపు సన్నటి ధూళి, ఘనపు మీటరు గాలికి నాలుగు గంటలు 400 మైక్రోగ్రాములు, మిగతా ఇరవై గంటలు 35 ఉందనుకుంటే సగటు 96. గాలి నాణ్యత సూచీలో అది 'పూర్'. ఉబ్బసం ఉన్న ముసలాయన అయిదింటికి పీల్చింది మాత్రం 'సివియర్'. మన దేశంలో రోజు పరిమితి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15.

బులెటిన్ తప్పు కాదు, సగటు సగటే. కానీ తెల్లవారి అయిదింటికి మీ అంతట మీరు గంట గంట అంకె బయటపెట్టి, కిటికీలు వేసుకోండి, నడక మానండి అని చెప్పగలరా? పండగ పూట చెడు చెప్పిందని తిడతారు. నేను ఉద్యోగంలో ఉండగా చెప్పలేదు. పై నుంచి వద్దని ఎవరూ అనలేదు, నాకే ధైర్యం చాలలేదు. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

సూళ్లూరుపేట ఆడపడుచు:

సార్, రెండుసార్లు చదివాను. గంటల మీటరు ముక్క మా ఆయనకు కూడా చదివి వినిపించాను. బిస్కెట్ల మాట వెనక్కి తీసుకోలేదు గానీ నవ్వారు.

లారీ ఆఫీసు అన్నగారూ, తప్పకుండా వస్తాను. రాత్రి అంటే ఎన్నింటికి?

ఇంకో సందేహం. మా హద్దుకు అవతల ఉన్నదాని సంగతి ఏంటి? గాలికి పంచాయతీ హద్దు తెలీదు కదా. నేను వీధి వీధికీ తిరిగి చెత్త తగలబెట్టడం ఆపించినా, పక్క మండలంలో పొగ వస్తే నా అంకెలో అదీ కలుస్తుంది. ఏడాది తరవాత 'ఏం తగ్గించావు' అంటే ఏం చూపించాలి? డబ్బిచ్చేవాళ్లు పీఎం 10, అంటే పది మైక్రాన్ల లోపు ధూళి, ఎంత తగ్గిందో చూస్తామన్నారు. మొదటి స్టేషన్ తిరువొత్తియూరులో మాకు ఇచ్చిన ఆఫీసు డాబా మీదే పెడదామంటున్నారు, తాళం మన దగ్గరే ఉంటుంది, కరెంటు బిల్లు కలిసొస్తుంది, కింద హోటల్ కూడా ఉంది టీకి ఇబ్బంది లేదు అని. శుక్రవారం లోపల అవునో కాదో చెప్పాలి.

షోలింగనల్లూరు సాఫ్ట్‌వేర్:

నేను మీ రంగం వాణ్ణి కాదు. లాస్ ఏంజెలిస్ దగ్గర ఆరేళ్లు ఉండి వచ్చాను, మా అబ్బాయికి ఉబ్బసం కావడం వల్ల అక్కడి గాలి ఆఫీసు సంగతులు కాస్త తెలుసు. హద్దుల గొడవ వాళ్లకూ ఉండేది. 1943లో ఆ ఊరి మీద పొగ కమ్మేసి, కళ్లు మండి జనం బెదిరిపోయారు. 1947లో ఒక్క లాస్ ఏంజెలిస్ కౌంటీకి ఆఫీసు పెట్టారు. అసలు కారణం కార్ల పొగ, ఎండ కలిసి పుట్టే ఓజోన్ అని 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. పక్క కౌంటీలతో కలిపి సౌత్ కోస్ట్ అనే ఒకే ప్రాంతీయ సంస్థ కావడానికి 1977 దాకా పట్టింది. ఇప్పుడు దాని కింద కోటీ డెబ్బై లక్షల మంది ఉన్నారు. పదముగ్గురు సభ్యుల బోర్డు, అందులో పదిమంది కౌంటీల నుంచి, నగరాల నుంచి ఎన్నికైన నాయకులే. సంస్థను నడిపే అధికారిని ఆ బోర్డే పెట్టుకుంటుంది. అంటే ఎవరి ఊరి ఫ్యాక్టరీ మీద చెయ్యి వెయ్యాలో వాళ్లే ఆయనకు యజమానులు!

లారీ అన్నగారి మాట చదివితే ఒకటి గుర్తొచ్చింది. అక్కడ కూడా లారీలు, ఓడలు ఆ సంస్థ చేతిలో లేవు, చాలావరకు రాష్ట్రానివి, కేంద్రానివి. అయినా నగరం మీద పడే పొగలో పెద్ద వాటా వాటిదే. 2021లో వాళ్లు చుట్టు తిరిగి వచ్చారు. లక్ష చదరపు అడుగులు దాటిన గోదాములకు ఒక నియమం పెట్టారు. గోదాముకు ఎన్ని లారీలు వస్తాయో లెక్క కట్టి, దానికి తగ్గట్టు ఎలక్ట్రిక్ బండ్లో, ఛార్జర్లో, సోలార్ పలకలో పెట్టి పాయింట్లు తెచ్చుకోవాలి, లేదా ఫీజు కట్టాలి. లారీవాణ్ణి పట్టుకోలేకపోతే, లారీని పిలిచినవాణ్ణి పట్టుకున్నారన్నమాట. ఇన్నేళ్లయినా అక్కడ ఓజోన్ పరిమితికి లోబడలేదు, అదీ చెప్పాలి. మా అబ్బాయి ఇన్‌హేలర్ అక్కడ ఎంత వాడాడో ఇక్కడా అంతే వాడుతున్నాడు.

తండయార్‌పేట లారీ ఆఫీసు:

ఆ గోదాము మాట బాగుంది సార్. మేడమ్, రాత్రి పదకొండు తరవాత రండి. మా ఇంటావిడ కూడా మీకు తోడు వస్తానంది.

పెరంబూరు పాతకాపు:

సాఫ్ట్‌వేర్ బాబు మంచి సంగతి చెప్పాడు. యజమానుల మాట మన దగ్గర ఇంకోలా ఉంటుంది. మండళ్లకు అధ్యక్షులుగా ఎవరిని పడితే వారిని వెయ్యకండి, అర్హతలకు నియమాలు రాయండి, ఆరు నెలల్లో రాయండి అని సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరులో రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. మిమ్మల్ని చిమ్నీ ఎక్కిన మనిషని పిలిచారంటే ఆ మేరకు నయమే.

అమ్మా, పీఎం 10 మాత్రమే చూస్తామంటే ఒప్పుకోకండి, శుక్రవారం లోపలే అడగండి. పీఎం 10లో సగం ఆట రోడ్డు దుమ్ముదే. దాన్ని తగ్గించడానికి ఊడ్చే యంత్రం కొంటారు, ఫోటో బాగా వస్తుంది. ఊపిరితిత్తుల లోపలికి దిగేది పీఎం 2.5, అది ఎక్కువగా మండినదాంట్లోంచి వస్తుంది, డీజిల్, బొగ్గు, చెత్త. రెండూ పెట్టమనండి. అంకెతో పాటు గాలి దిక్కు, వేగం కూడా పెట్టమనండి. ఉత్తరం నుంచి గాలి వీచినప్పుడు ఎంత, సముద్రం నుంచి వీచినప్పుడు ఎంత అని విడదీసి ఒక ఏడాది రాస్తే, హద్దు అవతలి పొగ మీ ఖాతాలో పడదు. అవతలివాళ్లతో మాట్లాడటానికి మీకు కాగితమూ దొరుకుతుంది. మీ పెద్దమ్మగారి డాబా మీద నాలుగు స్టీలు పళ్లేలు పెట్టి, బూడిద ఏ రోజు పడిందో ఆమె చేతే క్యాలెండరులో గుర్తు పెట్టించండి. అది కోర్టులో నిలవదు, కానీ గాలి దిక్కు లెక్క పక్కన పెట్టి చూస్తే మీకు దారి తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఆఫీసు డాబా. కింద హోటల్ ఉందన్నారు. దాని పొగగొట్టం ఎటు తిరిగి ఉంది? తందూరీ పొయ్యి ఎన్నింటికి ముట్టిస్తారు? గాలి పీల్చే మూతి నేల నుంచి మూడు మీటర్ల పైన, పది మీటర్ల లోపు ఉండాలి. చెట్టుకు కనీసం ఇరవై మీటర్ల దూరం, నాలుగు దిక్కుల్లో మూడు దిక్కులు తెరిచి ఉండాలి. పక్క మేడ మీద జనరేటర్ ఉంటే పనికిరాదు. తాళం మన దగ్గరుందని, టీ దొరుకుతుందని చోటు ఎంచుకుంటే ఏడాదంతా మీరు కొలిచేది ఆ హోటల్ వంటే.

రేపు పొద్దున ఒకసారి, రాత్రి పదింటికి ఇంకోసారి డాబా ఎక్కి నాలుగు వైపులా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. రాత్రివి మర్చిపోకండి.